మొదటి మాండలిన్: చవకది కొని సరిచేయించుకోవాలా, ఆగి మంచిదే కొనాలా?

కొత్తచిగురు
అందరికీ నమస్కారం. మాండలిన్ మొదలుపెడదామనుకుంటున్నాను. బడ్జెట్ చిన్నది, పెంచే వీలు లేదు. అందుబాటులో మూడున్నాయి. ఒకటి సాదా ఎ-స్టైల్, పైపలక సాలిడ్ (పొరలు అతకని చెక్క) స్ప్రూస్ అంటున్నారు. రెండోది భుజం దగ్గర చుట్ట తిరిగిన ఎఫ్-స్టైల్, చూస్తే కళ్లు తిప్పుకోలేం, కాకపోతే మొత్తం ప్లైవుడ్. మూడోది ఎవరో వాడిన పాత గిన్నె వీపు మాండలిన్, అన్నిటికంటే చవక. ఇదివరకు ఏ తీగ వాద్యమూ ముట్టలేదు. ఏది తీసుకోమంటారు?

పాతకాపు
ఎ-స్టైల్. రెండో మాట లేదు. ఆ చుట్ట అలంకారమే, శబ్దానికి దానితో పనిలేదు. చెక్కినందుకు కూలి మాత్రం ధరలో కలుస్తుంది. కాబట్టి ఒకే ధరకి ఎ, ఎఫ్ రెండూ ఇస్తున్నారంటే ఎఫ్‌లో ఎక్కడో కోత పెట్టే ఉంటారు, చెక్కలోనో బిరడాల్లోనో.

గిన్నె వీపుది కొనే ముందు మెడ వెంబడి ఒక కన్ను మూసి చూడండి. పాతవాటిలో చాలావాటికి ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ఉండదు, వంగిన మెడని సరిచేయడం పెద్ద పని. పైగా అవి సన్నటి తీగల కోసం చేసినవి. ఇప్పటి లావు సెట్టు ఎక్కిస్తే పైపలక కుంగిపోవచ్చు.

అసలు సంగతి వేరే. ఏది కొన్నా బడ్జెట్‌లో నాలుగో వంతు సెటప్‌కి తీసిపెట్టుకోండి. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడులు సరైన లోతుకి దించాలి, బ్రిడ్జి (పైపలక మీద తీగల్ని మోసే చెక్క) అడుగుని పలక వంపుకి అతికేలా అరగదీయాలి, బ్రిడ్జిని సరైన చోట నిలపాలి, తీగలు కొత్తవి వేయాలి. ఇవన్నీ జరిగితే ప్లైవుడ్‌ది కూడా హాయిగా వాయించుకోవచ్చు.

బ్లూగ్రాస్_బాబు
ఎఫ్ తీసుకో బ్రో. చుట్టకి బెల్టు తగిలించుకోవచ్చు. బ్లూగ్రాస్ అనే అమెరికన్ సంగీతానికి ఆద్యుడు బిల్ మన్రో చేతిలో ఉన్నది కూడా ఎఫ్-5 అనే ఎఫ్-స్టైల్ మోడలే.

సరళీస్వరాలు
పాతకాపు గారు "ప్లైవుడ్‌ది కూడా హాయిగా" అని తేలిగ్గా అనేశారు. నా మొదటి మాండలిన్ ప్లైవుడ్‌దే. ఆ హాయి ఎలా ఉందో చెబుతాను.

మాండలిన్ ఎనిమిది తీగలూ రెండేసి చొప్పున జి, డి, ఎ, ఇ అని నాలుగు జంటలు. ఇ జంటని మొదటి మెట్టు (ఫ్రెట్) మీద నొక్కితే ఎఫ్ స్వరం పలకాలి కదా. నా దాంట్లో ఎఫ్‌కీ ఎఫ్ షార్ప్‌కీ మధ్య ఏదో పలికేది. వదిలేసి మీటితే ట్యూనర్ పచ్చగా చూపేది, నొక్కగానే ఎర్రబడేది. వేళ్ల కొనలు గాట్లు పడి, బొత్తాం పెట్టుకోవడం కూడా కష్టమయ్యేది. నేర్పే మాస్టారు నాకు శ్రుతిజ్ఞానం లేదని తేల్చేశారు. దాన్ని అటక మీద పడేశాను. మళ్లీ మాండలిన్ ముట్టడానికి ఏళ్లు పట్టింది. రెండోసారి డబ్బు కూడబెట్టి చెక్కిన సాలిడ్ పలక ఉన్నది కొన్నాను. మొదటి రోజే శ్రుతిలో పలికింది.

కొత్తచిగురు గారూ, చవకది కొనకండి. కొన్ని నెలలు ఆగినా పరవాలేదు, సాలిడే తీసుకోండి.

పాతకాపు
మేడమ్, మీరు చెప్పిన లక్షణాలన్నీ నట్ ఎత్తుగా ఉంటే వచ్చేవి. గాడు ఎత్తులో ఉంటే మొదటి మెట్టు దగ్గర తీగని చాలా కిందికి తొయ్యాలి. తోస్తే తీగ సాగుతుంది, స్వరం పైకి పోతుంది. పైపలక ప్లైవుడ్డా సాలిడ్డా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. మీ రెండో మాండలిన్ శ్రుతిలో పలికింది దాని నట్ సరిగ్గా ఉండబట్టి, స్ప్రూస్ ఉండబట్టి కాదు.

బ్లూగ్రాస్_బాబు, వాద్యాల కంపెనీ గిబ్సన్ వాళ్లు 1922లో ఎఫ్-5 తెచ్చినప్పుడు అందులో కొత్తగా వచ్చింది పైపలకలో ఎఫ్ ఆకారపు రంధ్రాలు. చుట్ట అంతకుముందు గుండ్రటి రంధ్రం ఉన్న మోడళ్లకీ ఉంది. బెల్టు కోసం చుట్టే అక్కర్లేదు, ఎ-స్టైల్‌కి మెడ మొదట్లో గుండీ బిగిస్తే చాలు.

సరళీస్వరాలు
అయితే సాలిడ్‌కీ ప్లైవుడ్‌కీ శబ్దంలో తేడా లేదంటారా? వాయించేకొద్దీ సాలిడ్ పలక విచ్చుకుంటుంది. ప్లైవుడ్ మొదటి రోజు ఎలా ఉందో పదేళ్లకీ అలాగే ఉంటుంది.

పాతకాపు
తేడా లేదని ఎక్కడన్నాను? ఉంది. సాలిడ్‌ది బాగుంటుంది కాబట్టే మొదటి మాటలోనే ఎ-స్టైల్ అన్నాను. మీ బాధకి కారణం ప్లైవుడ్ కాదంటున్నాను, అంతే.

"సాలిడ్" అని రాసి ఉంటే నమ్మేయకండి కూడా. రంధ్రం అంచు దగ్గర టార్చి వేసి చూడండి. పైన కనిపించే నార గీతలు అంచు మందంలోకి కూడా దిగితే సాలిడ్. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. మందంగా రంగు పూసి అంచు కనపడకుండా చేశారంటే అమ్మేవాణ్ణి సూటిగా అడగండి. సాలిడ్‌లోనూ చెక్కి వంపు తీసింది వేరు, వేడిచేసి నొక్కి వంచింది వేరు. చిన్న బడ్జెట్‌లో ఎక్కువగా రెండోదే దొరుకుతుంది, దానికీ తప్పేం లేదు.

తేమగాలి
ప్లైవుడ్‌కి ఒక మంచి గుణం ఉంది. గాలిలో తేమ మారినా అంత తేలిగ్గా పగుళ్లివ్వదు. అది కూడా లెక్కేసుకోండి.

గమకప్రియ
ఒక్కరూ అడగలేదేంటండీ, ఏం వాయించాలనుకుంటున్నారని? కర్ణాటక సంగీతమైతే ఈ మూడూ దండగే. మాండలిన్ శ్రీనివాస్ గారు వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్. అందులో జంట తీగలు ఉండవు, విడివిడిగా ఐదు తీగలు. ఎనిమిది తీగల మాండలిన్ మీద జంటని పక్కకి లాగి గమకం తీయబోతే రెండు తీగలూ సమానంగా సాగవు. ఎవరైనా ప్రయత్నించి చూడండి.

కొత్తచిగురు
గమకప్రియ గారూ, ప్రస్తుతానికి సినిమా పాటలు, జానపదాలు చాలు. కర్ణాటకం ఆలోచన లేదు.

రంధ్రం అంచు చూశాను. ఎ-స్టైల్‌ది నార గీతలు మందంలోకి దిగాయి. ఇంకేం చూడాలి?

పాతకాపు
బాగుంది. ఇప్పుడు తీగని మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టుకుని మొదటి మెట్టు మీద ఎంత ఖాళీ ఉందో చూడండి. కాగితం మందం ఉంటే నట్ సరిగ్గా ఉన్నట్టు. పోస్టు కార్డు దూరేంత ఉంటే గాడు దించాలి. ఎనిమిది తీగలకీ విడివిడిగా చూడాలి.

తర్వాత పన్నెండో మెట్టు. దాని మీద తీగని తేలిగ్గా తాకి హార్మోనిక్ మీటండి, తర్వాత అదే చోట నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. నొక్కింది పైకి పోతే బ్రిడ్జిని తోక వైపు జరపాలి, కిందికి పోతే మెడ వైపు. మాండలిన్‌కి బ్రిడ్జిని జిగురుతో అతికించరు, తీగల బిగువే దాన్ని నిలబెడుతుంది. అందుకే తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకండి, ఒక్కొక్కటే మార్చుకుంటూ పొండి. లేకపోతే బ్రిడ్జి చోటు తప్పుతుంది.

ఇదంతా గంట పని. దీనికోసం నెలల తరబడి ఆగమనడం అన్యాయం.

సరళీస్వరాలు
గంట పనా? మీకు. మీ దగ్గర ఆకురాళ్లు ఉన్నాయి, సన్నటి ఖాళీలు కొలిచే ఫీలర్ గేజ్ ఉంది, ఎన్ని నట్‌లు పాడుచేసి నేర్చుకున్నారో మీకే తెలియాలి. ఆవిడో ఆయనో ఇంతవరకు తీగ వాద్యమే ముట్టలేదని మొదటి పోస్టులోనే రాశారు. వాద్యం నేర్చుకోవడానికి వచ్చిన మనిషికి వడ్రంగం అప్పజెబుతున్నారు.

పాతకాపు
వడ్రంగం కాదు, మేడమ్. తన మాండలిన్ ఎందుకు సరిగ్గా పలకడం లేదో తెలుసుకోవడం. ఆ మాత్రం తెలియనివాళ్లకి ఎంత ఖరీదుది ఇచ్చినా అంతే.

సరళీస్వరాలు
అంతే అంటే? నాకు తెలియకపోవడం నా తప్పంటారా? "సెటప్ చేసే ఇస్తున్నాం" అని నోటితో చెప్పిన కొట్టువాడికి తప్పు లేదు, నట్ వైపు కన్నెత్తి చూడకుండా నా చెవిని తిట్టిన మాస్టారికి లేదు. అప్పటిదాకా మాండలిన్ చూడని నేను గాడు లోతు కొలుచుకోవాలి! తప్పు నట్‌దేనని ఒప్పుకుంటున్నాను పొండి. ఆ మాట నాకు అప్పుడు చెప్పేవాళ్లెవరు? ఖరీదైనది కొనమని నేననడం చెక్క కోసం కాదు. తయారీలోనే నట్ సరిచేసి పంపే అవకాశం అక్కడ ఎక్కువ. చవకదానిలో ఆ పని ఎగ్గొట్టే డబ్బు మిగుల్చుకుంటారు. మీరు మొదటి పోస్టులో తీసిపెట్టమన్న నాలుగో వంతు అదే కదా.

బ్లూగ్రాస్_బాబు
🍿

నిర్వాహకులు
వ్యక్తిగత విమర్శలు వద్దు. బాబు గారూ, మీరు కూడా.

పాతకాపు
కొట్టువాడిదీ మాస్టారిదీ తప్పే, కాదనను. కానీ ఆ తప్పుకి మందు ఎక్కువ డబ్బు పెట్టడం కాదు. ఖరీదైనవి కూడా నట్ ఎత్తుగా వచ్చినవి నా చేతుల మీదుగా వెళ్లాయి. తయారీలో కావాలనే కొంచెం ఎత్తుగా వదిలేస్తారు. దించడం తేలిక, పెంచడం కష్టం కదా. డబ్బు పోసి చూసుకోవడం మానేస్తే రెండోసారి ఇంకా పెద్ద మొత్తానికి మోసపోతారు.

సరళీస్వరాలు
చూసుకోమనండి, చెయ్యమనకండి. నేను గీస్తున్న గీత అక్కడ. మూడో మెట్టు నొక్కి ఖాళీ చూడటం ఎవరికైనా వస్తుంది, అది మంచి సలహా. ఆకురాయి పట్టడం మాత్రం తెలిసినవాళ్ల పని. అందుకని, సెటప్ చేసే మనిషి దగ్గర్లో లేకపోతే చవకది కొనొద్దు. ఇప్పుడేమంటారు?

పాతకాపు
మనిషి లేకపోతే ఆగమనడమే నయం, సరే. ఉంటే మాత్రం ఆ ఎ-స్టైల్ కొనేయొచ్చు.

కొత్తచిగురు
ఇందాక వెళ్లి చూశాను. జి, డి జంటలు కాగితం మందంలోనే ఉన్నాయి. ఎ, ఇ జంటల కింద పోస్టు కార్డు సులువుగా దూరింది. పన్నెండో మెట్టు దగ్గర అన్నీ కాస్త పైకి పోతున్నాయి. గాడులు దించి బ్రిడ్జి జరిపి, నేను మళ్లీ చూశాకే డబ్బు తీసుకుంటానని అమ్మే ఆయన ఒప్పుకున్నారు. తీగలు ఏ సెట్టు వేయమనాలి?

తేమగాలి
మొదట్లో లైట్ సెట్టే. ఇ తీగ .010 అంగుళాల మందం ఉన్నది. ఎనిమిది తీగల బిగువు కలిపితే సన్నవాటికే 60 కిలోలు దాటుతుంది, వేళ్లు గట్టిపడే దాకా అది చాలు. తీగలు మీటే పిక్ మాత్రం మందంది తీసుకోండి, మిల్లీమీటరుకి తగ్గకుండా. పల్చటిదైతే జంట తీగల మీద టపటపలాడుతుంది.

సరళీస్వరాలు
ఆయన గాడు మరీ లోతుగా దించేస్తే? వదిలేసి మీటినప్పుడు తీగ మొదటి మెట్టుకి తగిలి జీరగా మోగుతుంది. అప్పుడు ఎవరు భరిస్తారో ఇప్పుడే అడిగిపెట్టుకోండి.

పాతకాపు
దించేస్తే కొత్త నట్ వేయాలి. అది చేసినవాళ్లే వేసివ్వాలి, అలా కాగితం మీద రాయించుకోండి. ఈ విషయంలో మేడమ్ మాట వినండి.