మే నెలలో ఫ్రెండ్‌షిప్ పీక్: మంచు చరియల భయం ఉంటుందా?

ఎంవీపీ కాలనీ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మేం నలుగురం ఒకే ఆఫీసు, అందరిదీ వైజాగే. మే రెండో వారంలో మనాలి వెళ్లి ఫ్రెండ్‌షిప్ పీక్ (5,289 మీటర్లు) ఎక్కుదామని బుక్ చేసుకున్నాం. ఇద్దరం కేదార్‌కంఠ ట్రెక్ చేశాం, మంచు మీద నడవడం అంతవరకే తెలుసు. పొద్దున్నే సింహాచలం మెట్లు, ఆదివారాలు కంబాలకొండ, ప్రాక్టీస్ బాగానే సాగుతోంది, దమ్ము గురించి దిగులు లేదు.

నా టెన్షన్ వేరే. మంచు చరియల సంగతేంటని తీసుకెళ్లే కంపెనీ వాళ్లను అడిగితే "అవి జనవరి, ఫిబ్రవరిలోనే సార్, మేకి అంతా సెటిల్ అయిపోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కానీ 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూ లా రోడ్డు దగ్గర చరియ పడి ఏడుగురు టూరిస్టులు పోయారు కదా. ఏప్రిల్‌లో పడేది మేలో ఎందుకు పడదు? ఎండకు కరుగుతున్న మంచు ఎలా ఉంటుంది, ఏం చూస్తే వెనక్కి తిరగాలి, తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో అమ్మకు ఏదో ఒకటి ధైర్యంగా చెప్పాలి.

కొండదారి:
తమ్ముడూ, నీ అనుమానం సరైనదే, కంపెనీ చెప్పింది సగం మాత్రమే నిజం. చలికాలంలో పడేవి ఎక్కువగా పొడి మంచు పలకలు. కొత్త మంచు బరువుకో, మనిషి అడుగు పడటానికో కింద బలహీనంగా ఉన్న పొర తెగి మొత్తం పలక జారుతుంది. మేకి ఆ పాత పొరలు చాలావరకు సర్దుకుంటాయి, అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత మొదలయ్యేది తడి మంచు. ఎండకు పైన కరిగిన నీళ్లు లోపలికి ఇంకి, గింజకూ గింజకూ మధ్య ఉన్న అతుకును వదులు చేస్తాయి, అప్పుడు వాలు తన బరువు తనే మోయలేక జారిపోతుంది, ఎవరూ కాలు పెట్టకపోయినా సరే. పొడి మంచు అంత వేగం ఉండదు, కానీ చాలా బరువు, మనిషిని కింద బండల మీదికో, లోయలోకో ఈడ్చుకుపోతుంది.

అందుకే మేలో తేదీ చూడొద్దు, రాత్రి చూడు. నిన్న పగలు కరిగింది రాత్రికి మళ్లీ గట్టిగా గడ్డకట్టిందా లేదా, ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. మనకు తెలిసిన సంగతే, మేలో మబ్బు పట్టిన రాత్రి వైజాగ్‌లో తెల్లారేదాకా ఉక్క తగ్గదు, అదే లంబసింగిలో చలి కొరికేది ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లోనే. అక్కడా అంతే, నేల వేడిని మబ్బు పైకి పోనివ్వదు. చుక్కలు కనిపించే రాత్రి అయితే మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి పైన గట్టి పెచ్చు కడుతుంది, క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ఇనుప ముళ్లు) కరకరమంటూ దిగుతాయి, నడక హాయిగా ఉంటుంది. రాత్రంతా మబ్బు ఉన్నా, వాన చినుకులు పడినా ఆ పెచ్చు ఉండదు. అలాంటి తెల్లవారుజామున శిఖరం వైపు బయల్దేరకూడదు, గైడ్ ఎంత సర్ది చెప్పినా.

అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకో, రెండింటికో టెంట్ లోంచి లేపేది కూడా ఇందుకే, సూర్యోదయం ఫొటో కోసం కాదు. ముందు తూర్పు వాలులకు ఎండ తగులుతుంది, తర్వాత దక్షిణానికి, మధ్యాహ్నం పడమటి వాటికి. నువ్వు దిగే దారి ఏ వైపు వాలో మ్యాప్‌లో ముందే చూసుకో, దాని మీద ఎండ పడి మెత్తబడేలోపు దిగిపోవాలి. శిఖరం పదడుగుల దూరంలో ఉన్నా అనుకున్న టైం దాటితే తిరిగిపోవడమే, ఆ టైం ఎంతో బేస్ క్యాంపులోనే అందరూ కలిసి ఒప్పుకోవాలి, పైకెళ్లాక మాట్లాడుకుంటే ఎవరికీ వెనక్కి రాబుద్ధి కాదు.

కళ్లతో చూడాల్సినవి చెప్తా. పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లి వస్తున్నాయంటే పై పొర తడిసిపోతోందని అర్థం. బూటు చీలమండ దాటి దిగబడుతుంటే ఇక ఆ వాలు మీద ఉండకూడదు. రాయి పక్కనుంచి త్రికోణంలా విచ్చుకుంటూ జారిన గుర్తులు అదే వైపు పక్క వాలు మీద కనిపిస్తే నీ వాలూ అదే దారిలో ఉందనుకో. ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే మొదలవుతాయి, పీక్ ఎక్కే చివరి భాగాలు సరిగ్గా ఆ లెక్కలోనే ఉంటాయి. నువ్వు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నా తల మీద అలాంటి వాలు ఉంటే ప్రమాదమే.

ఇంకోటి, మేలో కూడా వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి వానా మంచూ మోసుకొచ్చే వాతావరణం) వచ్చి కొత్త మంచు పడుతుంది. అది ఆగి ఎండ వచ్చిన మొదటి రోజు అందరికీ ఎక్కడలేని హుషారు వస్తుంది, అత్యంత జాగ్రత్తగా ఉండాల్సిందీ ఆ రోజే.

గాజువాక ట్రెక్కర్:
అన్న చెప్పినవన్నీ కరెక్టే గానీ ఇంత రిస్క్ ఎందుకండీ, జూన్ మూడో వారానికి మార్చుకుంటే సరిపోతుంది కదా? అప్పటికి మంచు చాలావరకు కరిగిపోతుంది, చరియలు పడటానికి సరుకే ఉండదు.

కొండదారి:
కింద ఉండదు, పైన ఉంటుంది. పైగా మేలో మంచు కప్పి ఉంచిన పగుళ్లు జూన్‌లో నోరు తెరుస్తాయి, వాటి మీద ఉన్న మంచు వంతెనలు పలచబడతాయి, వాగుల మీదవి కూడా. రాళ్లను పట్టుకున్న ఐసు వదిలేసరికి పగలంతా రాళ్లు రాలుతుంటాయి. నెలాఖరుకి వర్షాలు దగ్గరపడతాయి. జూన్ వద్దని కాదు, అక్కడ చూసుకోవాల్సినవి వేరు, అంతే.

పెదవాల్తేరు:
నేను మనాలిలో పర్వతారోహణ బేసిక్ కోర్సు చేశాను, వృత్తిరీత్యా డాక్టర్‌ని, అందుకని కూరుకుపోయినవాళ్ల గురించి రాస్తున్నాను. మంచు కింద ఉన్న మనిషికి దొరికే టైం దాదాపు పావుగంట. ఆలోపు బయటికి తీస్తే ఎక్కువమంది బతుకుతారు, అరగంట దాటితే అవకాశం బాగా పడిపోతుంది, ఎందుకంటే చాలామందిని చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. తడి మంచు ఆగిన క్షణంలోనే బిగుసుకుపోతుంది, లోపల చెయ్యి కూడా కదపలేరు. కాబట్టి రెస్క్యూ టీమ్ కింద నుంచి వచ్చేదాకా ఆగే ప్రశ్నే లేదు, పక్కన ఉన్నవాళ్లే తవ్వాలి.

దానికి ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవాళ్ల జాడ సిగ్నల్ తో చూపే చిన్న పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ఒక్కొక్కరి దగ్గరా ఉండాలి, గైడ్ బ్యాగులో ఒక్క సెట్ ఉంటే ఆ గైడే కూరుకుపోతే ఏం చేస్తారు? ట్రాన్స్‌సీవర్‌కి దగ్గర్లో ఫోన్ పెట్టుకోకండి, సిగ్నల్ పాడవుతుంది. ప్రమాదం ఉన్న వాలుని ఒక్కొక్కరుగా దాటండి, మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి దాటేవాళ్ల మీంచి కళ్లు తిప్పకూడదు.

2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్ లోని ద్రౌపది కా దండా శిఖరం దగ్గర నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందం మీద చరియ పడి 29 మందిని పోగొట్టుకున్నాం. వాళ్లు కోర్సులో ఉన్నవాళ్లు, పక్కనే నేర్పే గురువులున్నారు. ఆ పేర్లు తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. మనకు బాగా వచ్చు అన్న ధీమా కొండ మీద పనికిరాదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఎంవీపీ కాలనీ కుర్రాడు:
అన్నా, మేడమ్, చాలా చాలా థాంక్స్. ఇవాళ కంపెనీకి మళ్లీ ఫోన్ చేశాను. ట్రాన్స్‌సీవర్లు లేవట, కావాలంటే మనాలిలో అద్దెకి చూడమన్నారు. శిఖరానికి ఒక్క రోజే పెట్టారు, రిజర్వ్ డే (చేతిలో ఉంచుకునే అదనపు రోజు) లేదు. వాతావరణం బాగోకపోతే? అంటే "అప్పుడు చూద్దాం" అన్నారు.

కొండదారి:
రిజర్వ్ డే లేకపోవడమే నాకు అన్నిటికంటే భయం. ఒక్క రోజే ఉంటే మబ్బు రాత్రి అయినా బయల్దేరాలనిపిస్తుంది, డబ్బు కట్టాం కదా, వైజాగ్ నుంచి ఇంత దూరం వచ్చాం కదా అని. కనీసం రెండు రోజులు అదనంగా పెట్టించండి, సెలవు దొరక్కపోతే ప్రయాణమే వాయిదా వేసుకోండి. రాతపూర్వకంగా మూడు అడుగు: గైడ్‌కి ఏ కోర్సు ఉంది, వెనక్కి తిరిగే టైం ఎంత, చండీగఢ్‌లోని డీజీఆర్ఈ (మంచు చరియల మీద పనిచేసే రక్షణశాఖ పరిశోధన సంస్థ) ఇచ్చే చరియల హెచ్చరికలు బేస్ క్యాంపుకి ఎవరు చేరవేస్తారు. ఆ హెచ్చరిక పెద్ద ప్రాంతం మొత్తానికి, నీ కాళ్ల కింద వాలుకి కాదు, అయినా రోజూ తెలుసుకోవాలి.

జవాబులు రాకపోతే అడ్వాన్స్ పోయినా పర్లేదు, వేరేవాళ్లను చూసుకో. జవాబులు వచ్చాక ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.