స్కేలు పట్టని బొంత: అంచులు కత్తిరించాలా, వద్దా?

గంటస్తంభం_కోడలు (విజయనగరం): రవికల ముక్కలు, పాత లుంగీలు, చీరల కొంగులతో పసిపిల్లల బొంత మొదలుపెట్టాను. 36 అంగుళాల చదరం, తొమ్మిది బ్లాకులు (ముక్కలు కలిపి కుట్టిన చదరాలు). గీత గీయలేదు, స్కేలు ముట్టలేదు. రెండు గుడ్డలు ఒకదానిపై ఒకటి పరిచి, కత్తెరను వంపుగా పోనిచ్చి, ఇటు ముక్కను అటు మార్చి కుట్టాను. పసుపు గుడ్డ మధ్యలో నీలం పట్టీ వాగులా వంకర తిరిగింది. ఇప్పుడు ఒక బ్లాకు 11 అంగుళాలు, ఇంకొకటి 13. అన్నీ పన్నెండున్నర అంగుళాలకు తేవాలంటున్నారు. కత్తిరిస్తే ఆ వంపు పోతుంది. విశాఖలో ఒకరు 2,000 రూపాయలు ఇస్తామన్నారు. ఏం చేయను?

దర్జీ_ఆమదాలవలస: కత్తిరించండమ్మా, ఇందులో ఆలోచించడానికి ఏముంది? నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది, పన్నెండున్నర పన్నెండు అవుతుంది, మూడు పన్నెండ్లు 36. లెక్క అంతే. అసలు తప్పు ముందే జరిగింది. ఐదు పట్టీలు కలిపితే నాలుగు కుట్లు, కుట్టుకు అర అంగుళం చొప్పున రెండు అంగుళాలు మాయం. అందుకే మీ బ్లాకు 11కు వచ్చింది. కొలవకుండా కోసేవారు గుడ్డ ఎక్కువ ఉంచుకుని కోయాలి.

నాగావళి_గట్టు: బొంతకు టేపు ఏమిటండీ! మా అమ్మమ్మ జానతో కొలిచేది.

గంటస్తంభం_కోడలు: అన్నగారూ, చిన్నదానికి పక్కన పట్టీ వేస్తే సరిపోతుంది కదా. అమెరికాలో అలబామాలోని గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీలు పాతబడిన పనిబట్టలతో ఇలాగే కుట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లో ప్రదర్శించారు. 2006లో తపాలా బిళ్ళలపై కూడా వేశారు. టేపు పట్టుకుని ఎవరూ వెళ్ళలేదు.

దర్జీ_ఆమదాలవలస: అది గోడకు వేలాడుతుంది. మీది బిడ్డ కింద పరిచేది, రోజు విడిచి రోజు ఉతికేది. కొలత తప్పితే కుట్టు దగ్గర గుడ్డ ఉబ్బుతుంది. ఒకావిడ "కొలతెందుకు, కళ్ళతో చూసి కోసేయండి" అన్నారని దిండు గలేబు కోసి ఇచ్చాను. అర అంగుళం బిగుతైందని నా ముఖాన పడేసి, కూలి ఇవ్వకుండా వెళ్ళిపోయారు. కొలత తప్పితే మాకు పస్తు, మీకు కళ.

పొందూరు_రాట్నం: మధ్యలో వస్తున్నాను. ఖాదీ ముక్కలుంటే ముందు తడిపి ఆరబెట్టారా? ఖాదీ కుంచించుకుపోతుంది, పక్కనున్న పాలిస్టర్ అలాగే ఉంటుంది. అప్పుడు మీ ఇద్దరి అంగుళాలూ గల్లంతే.

గంటస్తంభం_కోడలు: తడిపాను. అన్నగారూ, ఒక గలేబు కోపం నా బొంత మీద చూపిస్తున్నారు. మీకు కత్తెర తెలుసు, రంగు తెలియదు.

దర్జీ_ఆమదాలవలస: రంగు తెలియదా? మా అమ్మ ఊరందరికీ బొంతలు కుట్టింది. టేపు ఎన్నడూ పట్టలేదు. మీరు చెబుతున్న వంకర పట్టీ ఆమె చేతిలోనూ తిరిగేది. బొంతకు కుంచెడు బియ్యం ఇచ్చేవారు, అదీ వాకిట్లో నిలబెట్టి. ఆ బొంత హాస్టల్‌కు తీసుకెళ్తే పిల్లలు ముక్కు మూసుకున్నారు. నేను దాన్ని పెట్టె అడుగున దాచాను. టేపు మెడలో వేసుకున్నది ఆమెలా కాకూడదనే. ఆమె కుడితే బొంత, మీరు కుడితే 2,000 రూపాయలా?

నాగావళి_గట్టు: ఇదా అసలు సంగతి.

గంటస్తంభం_కోడలు: ఆ ధర నేను పెట్టింది కాదు. అయినా మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఆరు బొంతలుండేవి. స్టీలు సామాన్ల వాడికి ఇచ్చి ఒక టిఫిన్ క్యారియర్ తీసుకున్నాం. అది ఇప్పటికీ అటక మీద ఉంది, మూత పట్టదు. బొంత ఒక్కటీ మిగలలేదు. మీ అమ్మగారిది ఉందా?

దర్జీ_ఆమదాలవలస: ఉంది.

పొందూరు_రాట్నం: ఫోటో పెట్టండి.

దర్జీ_ఆమదాలవలస: పెట్టను. అమ్మా, ఆ 11 అంగుళాల బ్లాకుకు పట్టీ వేసేముందు, క్రాసుగా (నేతకు ఏటవాలుగా) ఉన్న అంచుకు మిషన్ మీద ఒక వరుస కుట్టు వేసి ఉంచండి. లేకపోతే సాగుతుంది. ఇస్త్రీ పెట్టె అద్దండి, లాగవద్దు. డబ్బు విషయంలో నా మాట మాత్రం అదే.