ఫ్రెంచి నవలలు ఎక్కడ కొనాలి? ఒకటి తాతయ్య కోసం

తులూజ్, కొత్తగా వచ్చాను:
అందరికీ నమస్కారం. మాది యానాం. సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి ఇక్కడికి వచ్చాను. వచ్చే నెల పారిస్, బ్రసెల్స్ చూడటానికి వెళ్తున్నాను. ఫ్రెంచి నవలలకి మంచి షాపులు చెప్తారా? బడ్జెట్ 50 యూరోలు. ఒకటి మా తాతయ్యకి. ఆయన 1954కి ముందు యానాంలో ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. ఇప్పుడు చిన్న అక్షరాలు ఆనడం లేదు.

పారిస్, 14 ఏళ్లుగా:
చెల్లెమ్మా, నేరుగా సాన్ మిషెల్ బులెవార్‌లో జిబెర్ జోసెఫ్ షాపుకి వెళ్లు. కొత్తవీ పాతవీ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి, పసుపు స్టిక్కర్ ఉంటే సెకండ్ హ్యాండ్. మొదటి ఏడాదంతా నేను అవే చదివాను. నోత్రదామ్ దగ్గర షేక్‌స్పియర్ అండ్ కంపెనీ ముందు క్యూ చూసి నిలబడకు, అక్కడ ఉండేవి ఇంగ్లిష్ పుస్తకాలు. సేన్ నది ఒడ్డున పాత పుస్తకాలు అమ్మే ఆకుపచ్చ పెట్టెల్లో వెతకడం బాగుంటుంది గానీ, వాన పడితే చాలామంది తెరవరు.

లియోన్:
జిబెర్ 2021లో మూసేశారు కదా అన్నా?

పారిస్, 14 ఏళ్లుగా:
అప్పుడు మూసింది సాన్ మిషెల్ కూడలిలోని జిబెర్ జ్యోన్. నేను చెప్పేది జోసెఫ్. దయచేసి కొత్తవాళ్లని కంగారు పెట్టకండి.

నాంత్:
పుస్తకాలు సరే తల్లీ, పెట్టుకునే చోటు సంగతి ముందు చూసుకో. నాది ఫర్నిష్డ్ స్టూడియో, డిపాజిట్ రెండు నెలల అద్దె. నవలలు ఎక్కువై గోడకి చిన్న షెల్ఫ్ కొట్టాను. ఖాళీ చేసేటప్పుడు ఓనర్ నాలుగు రంధ్రాలు చూసి, గది మొత్తం రంగు వేయించాలంటూ డిపాజిట్ అంతా ఉంచేసుకున్నాడు. బిల్లు చూపించమంటే ఫోన్ ఎత్తడు. రెండు నెలలు నిద్ర పట్టలేదు. రూల్ గుర్తుపెట్టుకో: చేరినప్పటి ఎతా దే లియ్యో, అంటే ఇంటి స్థితి రాసుకునే పత్రంతో ఖాళీ చేసేటప్పటిది సరిపోతే డిపాజిట్ నెలలో, తేడా ఉంటే రెండు నెలల్లో తిరిగివ్వాలి. ఆలస్యమైన ప్రతి నెలకీ అద్దెలో 10 శాతం అదనం. రిజిస్టర్డ్ ఉత్తరం రాసి, జిల్లా కన్సిలియేషన్ కమిషన్‌కి వెళ్లాను. అది ఉచితం. చివరికి చాలావరకు వచ్చింది. చేరిన రోజే ప్రతి గోడకీ ఫోటో తీసుకో.

లియోన్:
షెల్ఫూ వద్దు, తిరుగుడూ వద్దు. ఆన్‌లైన్‌లో చౌకగా కొనుక్కో.

బోర్దో:
కొత్త పుస్తకం ఆన్‌లైన్‌లో చౌక ఎలా అవుతుందండీ? 1981 చట్టం ప్రకారం ధర పబ్లిషర్‌ది. షాపువాళ్లు 5 శాతం మించి తగ్గించకూడదు. 2023 నుంచి 35 యూరోలలోపు ఆర్డర్‌కి డెలివరీ కనీసం 3 యూరోలు కూడా. ఆ డబ్బుతో ఫోలియో సిరీస్ పేపర్‌బ్యాక్ పాతది ఒకటి వస్తుంది. పైగా షాపులో వాళ్లు చదివి నచ్చిన పుస్తకాల మీద చేత్తో రాసిన చీటీలు పెడతారు. నేను ఫ్రెంచి చదవడం నేర్చుకున్నది మా ఊరి మొల్లా పుస్తకాల షాపులో ఆ చీటీలు చదివే. ఇటు వస్తే మొల్లాకి తప్పక వెళ్లు.

లియోన్:
పాతవి ఆన్‌లైన్‌లో చౌకే కదా, నేనన్నది అది.

బోర్దో:
అలా అయితే ముందే చెప్పాల్సింది.

తులూజ్, అక్క:
ఆ అమ్మాయి తాతయ్య గురించి అడిగింది, ఎవరూ చెప్పలేదు. చూడమ్మా, పెద్ద అక్షరాల పుస్తకాల్ని ఇక్కడ గ్రో కారక్టేర్ అంటారు. ‘ఆ వ్యూ దోయ్’ అనే పబ్లిషర్ వాళ్లు అవే వేస్తారు. మామూలు షాపులో అరల్లో తక్కువ కనిపిస్తాయి, అడిగితే తెప్పిస్తారు. పారిస్ దాకా ఆగకు, ఇక్కడే గాంబెట్టా వీధిలో ఓంబ్ర్ బ్లాంష్ పుస్తకాల షాపులో ఈ వారమే ఆర్డర్ పెట్టు. అవి 20 యూరోలు దాటుతాయి, నీకు మాత్రం పాతవి కొనుక్కో. కొనేముందు మునిసిపల్ లైబ్రరీలో అలాంటిది ఒకటి తీసి, పేజీ ఫోటో తాతయ్యకి పంపి, ఆనుతోందేమో అడుగు. బ్రసెల్స్‌లో సాన్ హ్యుబెర్ గ్యాలరీల్లో ట్రోపిస్మ్ అనే పుస్తకాల షాపు ఉంది, అక్కడ ఒక గంట ఉంచుకో. శనివారం ఖాళీ అయితే చెప్పు, ఓంబ్ర్ బ్లాంష్‌కి నేనూ వస్తాను.