అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఓట్లతో ఎన్నికయ్యే వ్యవసాయ కమిషనర్ ఏం చేస్తారు? అలాంటి పదవి మనకుంటే కాటా దగ్గర తరుగు ఆగుతుందా?

ప్రశ్న: ఎడమ కాలువ (నరసన్నపేట)

సభ్యులకు నమస్కారం. మాది వంశధార ఎడమ కాలువ కింద వరి పండించే కుటుంబం. మా అన్నయ్యగారి అబ్బాయి చాలా ఏళ్లుగా జార్జియాలోని అట్లాంటాలో ఉంటున్నాడు. అక్కడి పౌరసత్వం వచ్చాక 2022 నవంబరులో తొలిసారి ఓటు వేశాడు. గవర్నర్ పదవికి పోటీ చేసేవారి పేర్లతో పాటు వ్యవసాయ కమిషనర్ పదవికి పోటీ చేసేవారి పేర్లు కూడా అదే బ్యాలట్ మీద ఉన్నాయని, సెంటు భూమి లేని తాను కూడా దానికి ఓటు వేశానని చెబితే నాకు ఆశ్చర్యమేసింది. మన రాష్ట్రంలో వ్యవసాయ కమిషనర్ అంటే ప్రభుత్వం నియమించే ఐఏఎస్ అధికారి. ఆయన పేరు కూడా రైతుల్లో చాలామందికి తెలియదు.

నేను తెలుసుకోదలచినవి ఇవి. అక్కడి కమిషనర్ చేతిలో నిజంగా ఏ అధికారాలుంటాయి? గవర్నర్ ఆయనను తొలగించగలరా? అన్నిటికంటే ముఖ్యంగా, మన దగ్గర ధాన్యం తూకంలో జరిగే అన్యాయం అలాంటి పదవి వల్ల తగ్గుతుందా? గత ఖరీఫ్‌లో మా ధాన్యాన్ని రైతు సేవా కేంద్రంలో పరీక్షించి తేమ 17 శాతం లోపే ఉందని రాసి ఇచ్చారు. అదే ధాన్యం మిల్లుకు చేరాక తేమ ఎక్కువుంది, తాలు ఉంది అంటూ 80 కిలోల బస్తాకు రెండు కిలోల తరుగు అడిగారు. లారీ కిరాయి పెరుగుతుందన్న భయంతో ఒప్పుకున్నాం. సాధారణ రకానికి ఆ సీజను మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు కాబట్టి బస్తాకు 47 రూపాయలు పోయాయి. ఎకరాకు 25 బస్తాలు పండితే దాదాపు 1,185 రూపాయలు కాటా దగ్గరే వదులుకున్నట్టు.

జవాబు 1: పాత ప్రవాసి (శ్రీకాకుళం)

ఎడమ కాలువ గారూ, ఉద్యోగరీత్యా నేను జార్జియాలోనూ టెక్సాస్‌లోనూ ఉండి వచ్చాను కాబట్టి మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలను.

అమెరికాలోని 50 రాష్ట్రాల్లో 12 మాత్రమే ఈ పదవిని ఎన్నికతో నింపుతాయి. దక్షిణాదిన జార్జియా, ఫ్లోరిడా, అలబామా, మిసిసిపి, లూసియానా, టెక్సాస్, రెండు కరొలినాలు, వాటికి తోడు కెంటకీ, వెస్ట్ వర్జీనియా, అయోవా, నార్త్ డకోటా. అయోవాలో ఆ పదవిని వ్యవసాయ కార్యదర్శి అంటారు. మిగిలిన రాష్ట్రాల్లో గవర్నరో, ఒక బోర్డో నియమిస్తారు. జార్జియాలో వ్యవసాయ శాఖ 1874లో ఏర్పడింది, ఆ దేశపు రాష్ట్రాలన్నిటిలోనూ అదే మొదటిది. అక్కడి కమిషనర్ పదవి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది, నాలుగేళ్లకోసారి గవర్నర్ ఎన్నికతో పాటే దానికీ ఎన్నిక జరుగుతుంది. కాబట్టి తన మాట వినలేదని గవర్నర్ ఆయనను ఇంటికి పంపలేరు. అయితే శాఖ ఖర్చుకు డబ్బు మంజూరు చేసేది శాసనసభ కనుక, పదవి స్వతంత్రమైనా జేబు స్వతంత్రం కాదు.

ఇక అధికారాల విషయం. మద్దతు ధరలు, పంటల బీమా, రాయితీలు ఇతని చేతిలో ఉంటాయని చాలామంది అనుకుంటారు, కానీ అవన్నీ వాషింగ్టన్‌లోని కేంద్ర వ్యవసాయ శాఖ చూసుకునే పనులు. ఇతని పని ముఖ్యంగా తనిఖీ. విత్తనాల సంచి మీద రాసిన మొలక శాతం నిజమా కాదా, ఎరువులోనూ పశువుల దాణాలోనూ చెప్పిన పోషకాలు ఉన్నాయా, పురుగుమందు కొట్టేవారికి లైసెన్సు ఉందా, వేరే రాష్ట్రం నుంచి వచ్చే మొక్కలతో తెగులు వస్తోందా, కోళ్లకూ పశువులకూ అంటురోగాలు సోకాయా అని చూడడం. జార్జియాలో కిరాణా దుకాణాల శుభ్రత కూడా ఈ శాఖే చూస్తుంది. పెట్రోలు బంకుల్లో లీటరుకు లీటరు పడుతోందా (అక్కడ గ్యాలన్ లెక్క) అని కొలిచేదీ, దుకాణాల కాటాలను పరీక్షించేదీ ఈ శాఖ ఉద్యోగులే. సెంటు భూమి లేని మీ అన్నయ్యగారి అబ్బాయికి ఓటు ఉండడంలో అర్థం అదే. పెట్రోలు పోయించుకునే ప్రతివాడికీ ఈ పదవితో పని ఉంటుంది.

పదవికి పనులు అంటించే తీరు కూడా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. టెక్సాస్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకాన్ని ఈ శాఖే నడుపుతుంది. ఫ్లోరిడాలో తుపాకీని దుస్తుల చాటున వెంట తీసుకెళ్లడానికి ఇచ్చే లైసెన్సు కూడా వ్యవసాయ కమిషనర్ కార్యాలయమే ఇస్తుంది. మన మండల వ్యవసాయ అధికారి ఈ మాట వింటే ఉన్న పనులే చాలంటారు. ఇవన్నీ పక్కన పెడితే నాకు నచ్చినది జార్జియా శాఖ 1917 నుంచి నడుపుతున్న మార్కెట్ బులెటిన్. ఏ రైతు దగ్గర ఆవుదూడ అమ్మకానికుంది, ఎవరికి గడ్డి మోపులు కావాలి అన్న ప్రకటనలు అందులో వస్తాయి.

జవాబు 2: మడ్డువలస (రాజాం)

తూకం గురించి ఎడమ కాలువ గారు అడిగిన మాటకు జార్జియా కంటే నార్త్ డకోటా చరిత్ర దగ్గరగా ఉంటుంది. అక్కడి రైతుల ప్రధాన పంట గోధుమ. 20వ శతాబ్దం మొదట్లో ఆ గోధుమను కొనేవి మినియాపొలిస్ కేంద్రంగా ఉన్న వ్యాపార సంస్థలు. మట్టి, గడ్డిగింజలు కలిశాయని చెప్పి తూకంలో కోత పెట్టేవారు, నాణ్యతను ఒక మెట్టు దించి ధర కట్టేవారు. కొన్ననాడు రెండో రకమైన గోధుమ అమ్మేనాటికి మొదటి రకమైపోయేదని రైతులు మొత్తుకునేవారు. మన తరుగుకూ దీనికీ తేడా ఏముందో చెప్పండి.

ఆ కోపంలోంచే 1915లో నాన్‌పార్టిజన్ లీగ్ అనే రైతుల రాజకీయ సంస్థ పుట్టింది. మరుసటి ఏడాదే వారి అభ్యర్థి గవర్నర్ అయ్యారు, 1918 ఎన్నికలతో శాసనసభ రెండు సభలూ వారి చేతికి వచ్చాయి. 1919లో ప్రభుత్వ బ్యాంకును నెలకొల్పారు, ప్రభుత్వమే పిండిమిల్లు కట్టాలని చట్టం చేశారు. వీటిని నడపడానికి గవర్నర్, అటార్నీ జనరల్, వ్యవసాయ కమిషనర్ ముగ్గురితో ఇండస్ట్రియల్ కమిషన్ ఏర్పాటు చేశారు. ముగ్గురూ ప్రజలు ఎన్నుకున్నవారే. ఓటర్లు ఎంత గట్టివారంటే, బ్యాంకు వ్యవహారాల మీద అసంతృప్తి పెరిగి 1921లో ఆ ముగ్గురినీ మధ్యలోనే ఓటేసి దించేశారు. అమెరికాలో ఒక గవర్నర్‌ను అలా వెనక్కి పిలవడం అదే మొదటిసారి. విచిత్రమేమిటంటే మనుషులను దించారు గానీ బ్యాంకును మూయించలేదు, మిల్లును ఆపలేదు. గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆ మిల్లు 1922లో మొదలైంది. బ్యాంకూ మిల్లూ నేటికీ నడుస్తున్నాయి, వ్యవసాయ కమిషనర్ నేటికీ ఆ ముగ్గురిలో ఒకరు.

అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, అక్కడి రైతుకు మేలు చేసింది ఒక పదవికి ఎన్నిక పెట్టడం కాదు, ధాన్యం అమ్ముకోవడానికి ఇంకొక గుమ్మం ఏర్పడడం. మిల్లు ఒక్కటే దిక్కైనప్పుడు కమిషనర్‌ను ఎవరు ఎన్నుకున్నా కల్లంలో ఉన్న రైతు బేరమాడలేడు.

జవాబు 3: ఎడమ కాలువ (నరసన్నపేట)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మడ్డువలస గారి మాట నిజమే. కానీ తరుగు అడిగినప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలన్నది కూడా నాకు పెద్ద సమస్యే. వ్యవసాయ శాఖను అడిగితే కొనుగోలు తమది కాదన్నారు. జార్జియాలో లాగా కాటాకూ విత్తనానికీ ఎరువుకూ ఒకే మనిషి జవాబుదారీ అయితే కనీసం వెళ్లవలసిన గడప తెలుస్తుంది కదా అన్నది నా ఆలోచన.

జవాబు 4: విశ్రాంత ఏఓ (విజయనగరం)

నేను వ్యవసాయ శాఖలో మండల వ్యవసాయ అధికారిగా (ఏఓ) పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎడమ కాలువ గారి బాధ అర్థమైంది, కానీ ఎన్నికైన కమిషనర్ మీద అంత ఆశ పెట్టుకోవడం నాకు సబబుగా తోచడం లేదు.

మన దగ్గర పనులు ఎలా పంచుకున్నారో ముందు చూద్దాం. విత్తనాలకు 1966 చట్టం, పురుగుమందులకు 1968 చట్టం, ఎరువులకు 1985 నియంత్రణ ఉత్తర్వు ఉన్నాయి. ఈ మూడింటి కింద దుకాణాల్లో నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపే అధికారం మా ఏఓలది. ధాన్యం కొనుగోలూ, తూనికలు కొలతల శాఖా వేరు, అవి పౌర సరఫరాల మంత్రి కిందికి వస్తాయి. ఎన్నికైన మనిషే కావాలంటే 2024 నుంచి వ్యవసాయ మంత్రిగా ఉన్న కింజరాపు అచ్చెన్నాయుడు గారు మన టెక్కలి ఓటర్లు గెలిపించినవారే. ఎన్నికైనవారు లేకపోవడం మన కొరత కాదు. కాటా ఒకరి కిందా, పంట మరొకరి కిందా ఉండడం వల్ల రైతు అటూ ఇటూ తిరగవలసి వస్తోంది. ఆ మాటలో మాత్రం మీతో ఏకీభవిస్తాను.

ఇక ఎన్నిక సంగతి. తనిఖీ చేసేవాడు ఎవరిని తనిఖీ చేయాలో వారి దగ్గరే ఎన్నికల ఖర్చుకు చేయి చాపవలసి వస్తే పని ఎలా సాగుతుంది? టెక్సాస్‌లో 1983లో కమిషనర్ అయిన జిమ్ హైటవర్ పురుగుమందుల వాడకం మీద గట్టి నిబంధనలు పెట్టబోతే మందుల కంపెనీలూ, పెద్ద రైతుల సంఘమూ ఎదురు తిరిగాయి. 1990 ఎన్నికల్లో ఆయనను ఓడించిన రిక్ పెర్రీ ఎనిమిదేళ్లు ఆ పదవిలో ఉండి, తర్వాత అదే రాష్ట్రానికి గవర్నర్ అయ్యారు. ఆ పదవి పైకెక్కడానికి మంచి నిచ్చెన అని అక్కడి రాజకీయ నాయకులకు బాగా తెలుసు. ఫ్లోరిడాలో 2019లో కమిషనర్ అయిన నిక్కీ ఫ్రీడ్ పెట్రోలు పంపుల మీద అంటించే తనిఖీ స్టిక్కర్లపై తన ఫొటో వేయించుకున్నారు. అది ఎన్నికల ప్రచారమేనని శాసనసభ్యులు అభ్యంతరం చెప్పారు. పట్టాదారు పాసు పుస్తకాల మీద ముఖ్యమంత్రి బొమ్మ చూసిన మనకు దీని మీద వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

జార్జియాలో టామీ ఇర్విన్ 1969 నుంచి 2011 వరకు, అంటే 42 ఏళ్లు ఒకే పదవిలో కొనసాగారు. ఆయన చివరి దశలోనే, 2008, 2009ల్లో బ్లేక్లీ అనే ఊరిలోని వేరుశనగ కర్మాగారం నుంచి వెళ్లిన సరుకు తిని తొమ్మిది మంది చనిపోయారు, వందలాది మంది జబ్బుపడ్డారు. ఆ కర్మాగారాన్ని ఆయన శాఖ తనిఖీదారులు అంతకు ముందే చూసి వచ్చారు, కానీ ప్రమాదాన్ని పసిగట్టలేకపోయారు. సరుకులో రోగక్రిములు ఉన్నట్టు పరీక్షలో తేలితే 24 గంటల్లో ప్రభుత్వానికి చెప్పి తీరాలని 2009లో జార్జియా చట్టం చేసింది. కర్మాగారం యజమానికి 2015లో 28 ఏళ్ల జైలుశిక్ష పడింది. సంఘటన జరిగాక రాష్ట్రంలో మార్పు తెచ్చింది చట్టంలో రాసిన ఆ ఒక్క నిబంధన. మరుసటి ఎన్నిక వచ్చేదాకా జనం ఆగలేదు.

జవాబు 5: పాత ప్రవాసి (శ్రీకాకుళం)

విశ్రాంత ఏఓ గారూ, మీరు చెప్పిన లోపాలన్నీ ఉన్నవే, కాదనను. అయినా పంపు మీద అంటించిన కాగితంలో ఏముంటుందో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఎప్పుడు తనిఖీ చేశారో తేదీ, అనుమానం వస్తే ఎవరికి ఫోను చేయాలో నంబరు ఉంటాయి. ఆ ఫొటోను తీసేసినా మిగిలిన రెండూ పనికొచ్చేవే. వినియోగదారుడు ఫోను చేస్తే మనిషి వచ్చి కొలుస్తాడు.

జవాబు 6: విశ్రాంత ఏఓ (విజయనగరం)

అది మన చట్టంలోనూ ఉంది, ప్రవాసి గారూ. 2009 తూనికలు కొలతల చట్టం కింద ఎలక్ట్రానిక్ కాటాకు, లారీలు తూచే వేబ్రిడ్జికి ఏడాదికొకసారి పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాటాతో తూచడం నేరం. ఎడమ కాలువ గారికి నా సలహా ఇది. లారీ ఎక్కించే ముందే కల్లంలో రెండు మూడు బస్తాలను ముద్ర ఉన్న కాటా మీద తూచి, ఆ బరువును రైతు సేవా కేంద్రం వారిచేత చీటీ మీద రాయించుకోండి. తేమ శాతాన్ని కూడా యంత్రం మీద కనిపించేటప్పుడే ఫొటో తీసుకోండి. మిల్లు దగ్గర తరుగు అడిగితే అది ఎందుకో కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటిమాటగా అడిగినంత తేలికగా ఎవరూ సంతకం పెట్టి అడగరు. అప్పటికీ వదలకపోతే ఆ చీటీలు జతచేసి జాయింట్ కలెక్టర్ గారికీ, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌కూ ఒకే అర్జీని ఇద్దరి పేర్లతో పంపండి. ఒకరు రెండోవారి మీదికి తోసేయకుండా ఉండడానికే ఇద్దరి పేర్లూ రాయమంటున్నాను.

జవాబు 7: ఎడమ కాలువ (నరసన్నపేట)

మంచి సలహా. రబీ ధాన్యం దాదాపు లేదు కాబట్టి వచ్చే ఖరీఫ్ కోతలకు ఇలాగే చేస్తాం. మా ఆయకట్టులో ఇంకో నలుగురు రైతులు కూడా కలిసి వస్తామంటున్నారు. అర్జీ నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టవలసిందిగా మనవి.