ఏడు గిరులా, ఏడు గీరులా? నాయనమ్మ బాలనాగమ్మ కథలో ఒక మాట

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
మా నాయనమ్మ బాలనాగమ్మ కథ చెప్పేది. చివర్లో కొడుకు తల్లిని చూసే చోట ఆగి, రెండు చరణాలు రాగం తీసి పాడేది. రెండోది నాకు బాగా గుర్తుంది:

ఏడు గిరులు దాటి ఎదురొచ్చె కొడుకు

దాని ముందుది సగమే గుర్తు. "ఏడు గిరులు దాటి" అని మొదలై "తల్లి" అని ముగుస్తుంది. మధ్యలో మాట పోయింది. నాలుగు రోజులుగా పొద్దున లేచింది మొదలు అదే నోట్లో ఆడుతోంది.

మాట పోవడం ఒక బాధ. అంతకన్నా పెద్ద అనుమానం ఇంకొకటి ఉంది. ఆ మొదటి చరణంలో ఆమె "గిరులు" అన్నదా, "గీరులు" అన్నదా? కథ మీకు తెలిసిందే. మా నాయనమ్మ చెప్పే తీరులో కార్యవర్ధి రాజు దండుకు పోతూ వాకిట్లో ఏడు గీతలు గీసి, దాటవద్దని భార్య బాలనాగమ్మకు చెప్పి పోతాడు. ఫకీరు బిచ్చానికి వచ్చి గీతలు దాటి వచ్చి వెయ్యమంటాడు. ఆమె దాటుతుంది, కుక్కపిల్ల అయిపోతుంది, ఫకీరు ఎత్తుకుపోయి చెరలో పెడతాడు. కొడుకు బాలవర్ధి పెద్దవాడై కొండలు దాటుకుంటూ నాగళ్ళపూడి గట్టు చేరతాడు. తల్లి దాటినవి గీతలు, కొడుకు దాటినవి కొండలు. రెంటికీ నాయనమ్మ ఒకే మాట వాడిందా? నా చెవిలో మొదటిది కొంచెం సాగినట్టే ఉంది. కానీ రాగంలో ఏ అక్షరమైనా సాగుతుంది కదా. తెలిసినవాళ్ళు చెప్పండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మీ నాయనమ్మగారు పాడింది పక్కా ద్విపద, అంటే రెండేసి చరణాల పద్యం. రెండో చరణం విడదీసి చూడండి: ఏడుగి – రులుదాటి – యెదురొచ్చె – కొడుకు. గణాలు, అంటే గురులఘువుల గుంపులు, వరసగా భ, సల, సల, చివర నగణం. చరణం మొదటి అక్షరానికి మూడో గణం మొదటి అక్షరం కలవాలి, అదే యతి. ఇక్కడ ఏ–యె కుదిరింది. కాబట్టి పోయిన మాట ఏ, ఎ, ఇ, ఈలలో ఒకదానితో మొదలవ్వాలి. నా ఊహ "ఏగెనే తల్లి". ప్రాస, అంటే చరణంలో రెండో అక్షరం, ఎలాగూ "డు" ఉంది.

ఇక గి, గీ సంగతి. ఛందస్సు ఇక్కడ సాయం చెయ్యదు. "ఏడుగీ" అన్నా రగణమే, అదీ ద్విపదలో మొదటి మూడు చోట్లా రాగల ఇంద్రగణమే. రెండూ సరిపోతాయి.

ధర్మాబాద్ మిర్చి:
"ఏగెనే" అని సిరొంచలో ఏ నాయనమ్మా అనదు మాస్టారూ. "పోయెనే తల్లి" అని ఉంటుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
పోయెనే అంటే యతి పోతుంది బాబూ. రెండో చరణంలో అంత చక్కగా యతి కుదిర్చిన నోరు మొదటిదాంట్లో వదిలేస్తుందా? పాటలో వాడే మాటలు వేరు, వంటింట్లో వాడే మాటలు వేరు.

ధర్మాబాద్ మిర్చి:
సరే, అది వదిలేద్దాం. అసలు "గీరులు" ఎందుకు కావాలి? "గిరి" అంటేనే గీత. "గిరి గీసుకుని కూర్చున్నాడు" అని రోజూ అంటాం. మంత్రగాళ్ళు చుట్టూ గీసేది గిరే. ఏడు గిరులు అంటే ఏడు గీతలే, దీర్ఘం అక్కర్లేదు. రెండో చరణంలో అదే మాట సంస్కృతపు గిరి అవుతుంది, కొండ. అమ్మ దాటింది తెలుగు గిరి, కొడుకు దాటింది సంస్కృతపు గిరి. ఆ కథ కట్టినవాళ్ళెవరో కావాలనే అలా కట్టారు. గీరులు అంటే ఆ అందమంతా పోతుంది.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
అన్నా, నువ్వు చెప్పింది చదివి ఒళ్ళు జలదరించింది. కానీ అందంగా ఉందని ఒప్పేసుకోవడానికి మనసు రావడం లేదు. మా దగ్గర బలపంతో, పుల్లతో నేల మీద గీసేదాన్ని "గీరు" అనే అంటాం. "గీరు గియ్యి" అని పిల్లలు ఆటలో అరుస్తారు. నాయనమ్మ వాకిట్లో ముగ్గు కర్రతో గీసి చూపిస్తూ కథ చెప్పేది. అప్పుడు ఆమె నోట ఏ మాట వచ్చి ఉంటుంది?

నాగావళి (రాయగడ):
రెండింటికీ ఒకే మాట అన్న వాదం నాకు నచ్చింది. ఇంకొక సంగతి కలుపుతాను. లక్ష్మణుడు గీసిన గీత వాల్మీకంలో లేదు. మన రంగనాథ రామాయణంలో ఉంది, అదీ ద్విపదే. బాలనాగమ్మ గీతలు అక్కడినుంచి దిగి ఉంటాయి. భిక్షువు వేషం, గీత దాటడం, ఎత్తుకుపోవడం, దూరాన గట్టు మీద చెర. సీత కథే కదా ఇది, భర్త బదులు కొడుకు వస్తాడంతే. అందుకే చిన్నప్పుడు ఈ కథ మాకు రామాయణం కన్నా దగ్గరగా అనిపించేది. పిల్లవాడే హీరో.

ఒక్క అనుమానం. మీరు ఫకీరు అన్నారు. మేము ఎప్పుడూ "మాయల మరాఠీ" అనే విన్నాం. 1942 నాటి జెమినీ వారి సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసింది మాయల మరాఠీ వేషమే. మీ సిరొంచ మహారాష్ట్రలో ఉంది కాబట్టి మార్చారా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
ఇది నేను ఎన్నడూ ఆలోచించలేదు. మా పక్కింట్లో ఒక మరాఠీ ఆజీ (అవ్వ) ఉండేది. కథ మొదలైతే ఆమె కూడా వచ్చి అరుగు మీద కూర్చునేది, తెలుగు బాగానే అర్థమయ్యేది. నేను చదివింది మరాఠీ బడి. ఆమె ముందు, నా ముందు ఆ మాట అనడం బాగోదని నాయనమ్మ ఫకీరు అని ఉంటుందేమో. ఇప్పుడు అడగడానికి ఇద్దరూ లేరు.

ధర్మాబాద్ మిర్చి:
మా ఇంట్లో మరాఠీ అనీ అనలేదు, ఫకీరు అనీ అనలేదు. ఇటుపక్క మరాఠీ వాళ్ళు, అటుపక్క ముస్లిం కుటుంబం. మా అమ్మ "మాయలోడు" అనేది. ఊరు ఏ రాష్ట్రంలోకి పోయినా (ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న మా ధర్మాబాద్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది) వాకిలి వాకిలే కదా.

నాగావళి (రాయగడ):
మీ ఇద్దరి మాటా మనసుకు తగిలింది. కానీ "మరాఠీ" అన్న పేరు ఊరికే రాలేదని నా నమ్మకం. పద్దెనిమిదో శతాబ్దంలో నాగపూర్ భోంస్లేల గుర్రపు దండులు ఈ తూర్పు వైపంతా దోచుకున్నాయి. 1751 నుంచి 1803 దాకా ఒడిశా మరాఠాల చేతిలోనే ఉంది. బెంగాలీ జోలపాటలో కూడా పిల్లల్ని నిద్రపుచ్చుతూ "బర్గీలు వచ్చారు" అంటారు. బర్గీ అంటే ఆ మరాఠా రౌతే. భయపెట్టే ఆ రౌతే కథలోకి వచ్చి మాంత్రికుడు అయ్యాడు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఆ దారిన పోతే చిక్కు వస్తుంది. తంజావూరు మరాఠా రాజుల్లో శాహజీ (1684–1712) స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. తెలుగువాళ్ళకు మరాఠా అంటే దోపిడీ రౌతు ఒక్కడే కాదు. నా ఉద్దేశంలో కథలో దుష్టుడు ఎప్పుడూ పొరుగూరి వాడు కావాలి, అంతే. 1951 పాతాళభైరవిలో మాంత్రికుడు ఎవరు? నేపాళ మాంత్రికుడు. నేపాల్ దండు మన మీదికి ఎన్నడు వచ్చింది? ఊరు తెలియని వాడి చేతిలోనే మంత్రదండం బాగా నప్పుతుంది.

నాగావళి (రాయగడ):
నేపాల్ దూరం. మరాఠా దూరం కాదు మాస్టారూ. తేడా అదే.

ఇంకొకటి. అందరూ "కార్యవర్ధి, బాలవర్ధి" అని రాస్తున్నారు. బుర్రకథలో నేను విన్నది "బాలవద్దిరాజు". ఆ రేఫను, అంటే "ర్"ను, ఎవరో చదువుకున్నవారు తర్వాత చేర్చారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఇది మా ఊరి విషయం, కాబట్టి నన్ను చెప్పనివ్వండి. గిడుగు రామమూర్తిగారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవరలనే గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ మాట నేర్చుకుని, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. జనం నోట ఉన్నదే భాష అని జీవితమంతా పోరాడారు. ఆయన లెక్కన "వద్ది"నే రాయాలి. నేనే తప్పు చేశాను, ఇకనుంచి బాలవద్దిరాజు అనే అంటాను. పుట్టుక "వర్ధి" అయినా సరే.

ద్విపద అన్నాక బసవ పురాణం రాసిన పాల్కురికి సోమన గుర్తుకు రాకుండా ఉండడు. ఆ పురాణం మొదట్లో ఏమన్నాడు?

ఉరుతర గద్యపద్యోక్తుల కంటె
సరసమై పరగిన జానుదెనుంగు

పెద్ద పెద్ద గద్యపద్యాల కన్నా జానుతెనుగే, అంటే జనం మాట్లాడే తేట తెలుగే, సరసం అని పదమూడో శతాబ్దంలో అనడానికి ఎంత గుండె ఉండాలి! ఆ పురాణంలో గొడగూచి కథ చదివి నేను ఏడ్చాను. తండ్రి ఊరికి పోతూ శివుడికి పాలు పెట్టమని చిన్నపిల్లకు చెబుతాడు. ఆమె గుడికి తీసుకుపోతుంది. శివుడు తాగడు. నేను ఏం తప్పు చేశాను, నాన్న కొడతాడు అని ఏడుస్తుంది. ఆ ఏడుపుకు శివుడు వచ్చి తాగుతాడు. అందులో ఒక్క కష్టమైన సమాసం అక్కర్లేదు. మీ నాయనమ్మ పాట వింటే నాకు ఆ నోరే వినిపించింది. ఇలాంటి నోళ్ళలోనే ద్విపద ఎనిమిది వందల ఏళ్ళు బతికింది.

ధర్మాబాద్ మిర్చి:
సోమన మీద నాకూ అంతే ప్రేమ. కానీ మాస్టారూ, గి–గీ?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
గిరి. నా ఓటు మీకే. కానీ ఛందస్సు వల్ల కాదు, రెండో చరణం వల్ల. రెండు చరణాలూ ఒకే మాటతో మొదలవ్వాలి. అప్పుడే వినేవాడికి అమ్మ దాటడం, కొడుకు దాటడం ఒకే దారి అనిపిస్తుంది.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
నాకు ఆ ముక్క మీదే మనసు ఒప్పడం లేదు. ఆమె దాటింది ఒక్క అడుగు. వాడు దాటింది ఏడు కొండలు. ఒకే మాటతో రెంటినీ కలిపేస్తే ఆమె తప్పు అంత పెద్దదిగా కనిపిస్తుంది. నాయనమ్మ ఎప్పుడూ బాలనాగమ్మ తప్పు అని అనలేదు. "బిచ్చం వెయ్యకపోతే ఎట్ల బిడ్డా" అనేది. అందుకే నాకు గీరు అనే చిన్న మాటే కావాలనిపిస్తుంది.

2022 ప్రాణహిత పుష్కరాల్లో కాళేశ్వరం ఘాట్ దగ్గర ఒక ముసలామె ఈ కథే ఎవరికో చెబుతుంటే నిలబడి విన్నాను. ఆమె "గిరి" అన్నది. కానీ పాట పాడలేదు, మాటల్లోనే చెప్పింది. జనం గోలలో వినిపించింది అంతే.

నాగావళి (రాయగడ):
మీ వాళ్ళలో పెద్దవాళ్ళు ఇంకెవరూ లేరా? మీ నాయనమ్మగారి కూతుళ్ళు?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
మా పెద్దత్త ఉంది, నది అవతల మహదేవపూర్‌లో. రేపు ఫోన్ చేస్తాను. చెవి సరిగ్గా వినిపించదు, పొద్దున పూటే చెయ్యాలి.

(మర్నాడు)

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
అత్తతో మాట్లాడాను. అడగ్గానే పాడింది. ఇలా:

ఏడు బరులు దాటి ఎడబాసె తల్లి

రెండుసార్లు పాడించుకున్నాను. "బరులు" అనే అన్నది. గిరీ లేదు, గీరూ లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఎడబాసె! సలగణం, యతి ఉంది! నేను చెప్పిన "ఏగెనే" పోతే పోనీ. "ఎడబాసె తల్లి, ఎదురొచ్చె కొడుకు." ఎంత గొప్పగా కుదిరిందో చూడండి. మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి.

ధర్మాబాద్ మిర్చి:
బరి అన్నా గీతే. కోడిపందెం బరి అదే మాట. కానీ "బరులు దాటి" వస్తే రెండో చరణంలో కొడుకు కూడా "బరులు" దాటాలి, అప్పుడు కొండలు ఎక్కడ? లేదా నేను అన్నట్టు మొదట్లో రెండూ గిరులే ఉండి, అత్తగారి నోట ఒకటి బరి అయిందా? ఆమె రెండో చరణం ఎలా పాడారు?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
అదే అడిగాను. రెండోది ఆమెకు రాదు. చిన్నప్పుడు కథ అక్కడిదాకా రాకముందే నిద్రపోయేదట.

నాగావళి (రాయగడ):
ఆమె ఫకీరు అన్నారా, మరాఠీ అన్నారా?