అప్‌డేట్: ఫ్లట్టర్‌లో రిపుల్ వచ్చేసింది

ఫ్లట్టర్ (యాప్‌లు తయారుచేసే టూల్‌కిట్)లో బటన్ నొక్కితే పని జరుగుతోంది కానీ రిపుల్ (నొక్కిన చోట నుంచి అలలా పాకే ఎఫెక్ట్) కనబడట్లేదని ఇదివరకు అడిగాను కదా, అది తేలిపోయింది. ఇంక్‌వెల్ (నొక్కితే రిపుల్ చూపించే విడ్జెట్, అంటే స్క్రీన్ మీది ఒక భాగం) లోపల రంగు వేసిన కంటైనర్ (డబ్బా లాంటి విడ్జెట్) ఉంది, రిపుల్ గీసేదేమో వెనకున్న మెటీరియల్ (అడుగు పొర లాంటి విడ్జెట్) మీద, అంటే అది వస్తూనే ఉంది, కంటైనర్ రంగే కప్పేస్తోంది. కంటైనర్‌కి ఇచ్చిన ఆ డెకరేషన్‌ని (రంగు, మూలలు లాంటివి) ఇంక్ విడ్జెట్‌కి (ఇది రంగుని నేరుగా మెటీరియల్ మీదే గీస్తుంది) ఇచ్చి, ఇంక్‌వెల్‌ని దాని లోపల పెట్టగానే సెట్ అయింది. ఇంక్‌వెల్‌కి కూడా బోర్డర్‌రేడియస్ (మూలల గుండ్రదనం) ఇవ్వండి, లేకపోతే గుండ్రటి మూలలు దాటి రిపుల్ బయటికి వచ్చేస్తుంది, చూడ్డానికి మహా చిరాకు.

వాక్యం మధ్యలో టెక్స్ట్‌స్పాన్‌తో (వాక్యంలో ఒక ముక్కకి వేరే స్టైల్ ఇచ్చేది) పెట్టిన లింకులకి రిపుల్ రాదు. అందుకే టెక్స్ట్‌స్పాన్ రికగ్నైజర్‌లో (నొక్కడాన్ని గుర్తించేది) ఆన్‌ట్యాప్‌డౌన్‌కి (వేలు పెట్టినప్పుడు) లింకు రంగు ముదురు చేసి, ఆన్‌ట్యాప్‌అప్ (వేలు తీసినప్పుడు), ఆన్‌ట్యాప్‌క్యాన్సిల్ (నొక్కడం మధ్యలో రద్దయినప్పుడు) రెండింటిలోనూ మళ్లీ పాత రంగు ఇస్తున్నా. క్యాన్సిల్ వదిలేస్తే, లింకు మీద వేలు పెట్టి స్క్రోల్ చేసినప్పుడు అది ముదురుగానే ఉండిపోతుంది.