లంగరేసి ఉన్న శత్రు నౌకాదళం బయలుదేరబోతోందని ఎలా పసిగట్టేవారు?

తెరచాప: 1805 అక్టోబరులో స్పెయిన్‌లోని కాడిజ్ రేవులో 33 ఫ్రెంచి, స్పానిష్ యుద్ధనౌకలున్నాయి. అవి కదలబోతున్నాయని బయట కాపు కాసిన బ్రిటిష్ ఫ్రిగేట్లకు (వేగంగా పోయే చిన్న యుద్ధనౌకలకు) ముందే ఎలా తెలిసింది? దుర్భిణిలో కనపడేవి బారులు తీరిన స్తంభాలే కదా?

పాతలంగరు: కిటుకంతా ఆ స్తంభాల్లోనే ఉందండీ. ఒక్కో స్తంభం మూడు ముక్కలు: కింది మాస్టు, దానిపైన టాప్‌మాస్టు, ఆపైన టాప్‌గాలెంట్ మాస్టు. ఓడ చాన్నాళ్లు రేవులో ఉంటే పై ముక్కలు దించేస్తారు, తెరచాపలు విప్పి లోపల పెట్టేస్తారు. పై ముక్కలు లేకపోతే ఇప్పట్లో కదలదన్నమాట. మాస్టులు నిలబెట్టి, అడ్డకొయ్యలకు చాపలు చుట్టి కట్టేశారంటే ఇక గాలి కోసమే చూస్తోంది. అసలు గుర్తు టాప్‌సెయిల్ (టాప్‌మాస్టు మీది చాప) అడ్డకొయ్య. చాప చుట్టి ఉన్నంతసేపూ అది కిందికి దిగి ఉంటుంది, చాప పరవాలంటే పైకి లాగాల్సిందే. అంటే గంటల్లో కదులుతారు.

19వ తేదీ ఉదయం 6 గంటలకు సిరియస్ ఫ్రిగేట్ ఎగరేసిన సంకేతం అదే: ‘టాప్‌సెయిల్ అడ్డకొయ్యలు లేచాయి’. ఇంకో గంటకు 370వ నంబరు సంకేతం, ‘శత్రువు రేవు దాటుతున్నాడు’. ఓడ నుంచి ఓడకు జెండాలతో అందుకుంటూ, సుమారు 50 మైళ్ల అవతల ఉన్న బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్‌కు 9.30కి చేరింది. గాలి సరిగా లేక ఆ రోజు కొన్ని ఓడలే బయటపడ్డాయి, మిగతావి 20న.

నీటిగీత: నీళ్లూ సరుకులూ ఎక్కి ఓడ ఎంత లోతుకు దిగిందో కూడా చూసేవారు. 600 మందికి రోజుకు తలా 4 లీటర్లు వేసుకున్నా, 100 రోజులకు నీళ్లే 240 టన్నులు. కానీ ఇది దగ్గరికెళితేనే తేలుతుంది, దూరం నుంచి అలల్లో కన్ను మోసపోతుంది.

రేవుగాలి: మాస్టులు చెప్పలేనిది మనుషుల సంగతి. 1805 జనవరిలో ఫ్రాన్స్‌లోని టూలోన్ రేవు నుంచి ఫ్రెంచి అడ్మిరల్ విల్‌నెవ్ తన నౌకాదళంతో బయటికొచ్చాడు. పైకి అంతా సిద్ధమే. ఓడల నిండా సైనికులు, అనుభవమున్న నావికులేమో తక్కువ. తుఫానుకే తాళ్లు, కొయ్యలు దెబ్బతిని వెనక్కి తిరిగాడు. నెల్సన్ మాత్రం అతను ఈజిప్టు దారి పట్టాడనుకుని అలెగ్జాండ్రియా దాకా వెళ్లొచ్చాడు. కదిలారని ఫ్రిగేట్లు సరిగ్గానే చెప్పాయి, ఎటన్నది ఏ మాస్టూ చెప్పదు కదా.

తెరచాప: మరి కాడిజ్‌లో విల్‌నెవ్‌కి అవతలి సంగతి తెలిసేది కాదా?

పాతలంగరు: సగమే. నెల్సన్ పెద్ద ఓడల్ని తీరానికి కనపడనంత దూరంలో ఉంచాడు, లెక్క అందకుండా. అయితే రియర్ అడ్మిరల్ లూయిస్ 6 ఓడలతో నీళ్లకూ సరుకులకూ జిబ్రాల్టర్ వైపు వెళ్లాడన్న కబురు విల్‌నెవ్‌కి అందింది. పైగా తన స్థానంలోకి ఇంకో ఫ్రెంచి అడ్మిరల్, రోసిలీ వస్తున్నాడనీ తెలుసు. ఈ రెండూ కలిసే ఆ అడ్డకొయ్యల్ని పైకి లేపాయి.